మీ అబ్బాయి నుదురు గురించి ఒక మాట



మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక తల్లి ప్రోగ్రెస్ కార్డు చూసుకుని, సంతకం పెట్టి, లేవబోతూ ఆగారు. "మార్కుల సంగతి సరేలే సార్. వీడికి ముందర జుట్టు పలచబడతా ఉంది. పదో తరగతికే ఇట్టా ఉంటే పెళ్లీడుకి మీ మాదిరి అయిపోతాడేమోనని నా భయం" అన్నారు. అన్నాక గానీ ఏమన్నారో ఆమెకి తట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వేశాను. ఆమె వెనక లైన్లో నిలబడ్డ ఇద్దరు నాన్నలూ నవ్వారు. నవ్వనిది ఆ అబ్బాయి ఒక్కడే. తల వంచుకుని, ముందు జుట్టుని వేళ్లతో నుదుటి మీదకి లాక్కుంటూ నిలబడ్డాడు. ఆ లాక్కోవడం నాకు బాగా తెలిసిన పని. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నదే.

నా వయసు 28. ఎనిమిది నుంచి పది వరకు ఇంగ్లిష్ మీడియంలో బయాలజీ చెబుతాను. డిగ్రీ రెండో ఏడులో నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి తగ్గడం మొదలైంది. బీఈడీ పూర్తయ్యేసరికి మధ్యలో ఒక కుచ్చు, దానికి అటూ ఇటూ రెండు సందులు మిగిలాయి. పిల్లలు నాకు పెట్టుకున్న పేరు 'పలక సార్'. నా ముందు అనరు గానీ కారిడార్లో గోడలకి చెవులుంటాయి. మార్కాపురంలో ఉంటూ నున్నగా కనపడినదానికి ఇంతకంటే మంచి పేరు ఎవరికి తడుతుంది? మన చుట్టుపక్కల క్వారీల రాయితో చేసిన పలకల మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారో! ఆ లెక్కన అది గౌరవమే అని సర్దిచెప్పుకున్నాను. కానీ మొదటిసారి విన్న రోజు రాత్రి అన్నం సహించలేదు. ఇరవై ఆరేళ్లవాణ్ణి, ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, నాకే అలా ఉంటే పదిహేనేళ్ల వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీటింగ్ అయిన రెండు రోజులకి ఆ అబ్బాయి ఇంటర్వెల్‌లో ల్యాబ్‌కి వచ్చాడు. బ్యాగు అడుగున లంచ్ బాక్స్ కవర్లో చుట్టి ఉన్న సీసా ఒకటి తీసి టేబుల్ మీద పెట్టాడు. 5 శాతం మినాక్సిడిల్. మూడు నెలల పాకెట్ మనీ కూడబెట్టి, బాబాయి ఫోన్లోంచి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. పెద్దవాళ్లు రోజుకి రెండుసార్లు రాసుకోవాల్సిన మందు అది. వాడు త్వరగా పనిచేస్తుందని నాలుగుసార్లు రాసుకుంటున్నాడు. నుదుటి మీద చర్మం ఎర్రబడి పొట్టు లేస్తోంది. "ఇది రాస్తే మీకు వచ్చిందా సార్?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. ఈ ఏడాది మొదట్లో వాడు రెండో బెంచీలో కూర్చునేవాడు. దసరా తర్వాత చివరి బెంచీకి, గోడ మూలకి మారాడు. నేను స్నేహితుడి కోసం మారాడనుకున్నాను. కారణం ఫ్యాన్. ఫ్యాన్ గాలికి జుట్టు లేచి నుదురు కనపడుతుందని, మన ఎండల్లో ఫ్యాన్ గాలి తగలని చోటు వెతుక్కుని కూర్చున్నాడు. అక్కడి నుంచి బోర్డు సరిగా కనపడదు. లెక్కల్లో 91 నుంచి 74కి దిగాడు. మేము స్టాఫ్ రూమ్‌లో ఫోన్ వ్యసనమేమో అని మాట్లాడుకున్నాం. నేనూ ఆ మాటన్నవాళ్లలో ఒకణ్ణి. (ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, సెక్షన్ అడగవద్దు.)

అందుకే ఈ నెల ఈ పేజీలో పరీక్షల ప్రణాళిక గురించి కాకుండా జుట్టు గురించి రాస్తున్నాను. ఇది చిన్న విషయం అంటారా? చిన్నదే. కానీ దాని చుట్టూ ఇంట్లో మనం మాట్లాడే మాటలు చిన్నవి కావు.

ముందు మన ఊళ్లలో బాగా వినపడే మాట: "బోరు నీళ్ల వల్ల సార్." గిద్దలూరు నుంచి వచ్చే పేరెంట్స్ అంటారు, కంభం వాళ్లు అంటారు, నా తల మీద జాలిపడి మా ఇంటి ఓనరు కూడా అంటారు. మన నీళ్లు మంచివని నేననను. ఫ్లోరైడ్ ఎముకల్ని, పళ్లని ఏం చేస్తుందో పశ్చిమ ప్రకాశంలో కొత్తగా చెప్పక్కర్లేదు. వెలిగొండ నీళ్ల కోసం తాతల కాలం నుంచి ఎదురుచూస్తున్న ప్రాంతం మనది. ఉప్పు నీళ్లకి జుట్టు గరుకెక్కుతుంది, చిక్కుపడుతుంది, అదీ నిజమే. కానీ ఒక్కసారి మీ ఇంట్లోనే చూడండి. అదే బోరు నీళ్లతో తలస్నానం చేసే మీ అమ్మాయికి నుదుటి మీద రెండు సందులు ఎందుకు రాలేదు? నా సంగతే తీసుకోండి. అదే చెంబుడు నీళ్లు నా తల వెనక కూడా పడతాయి. అక్కడ జుట్టు ఒత్తుగా ఉంది, నెలకోసారి సెలూన్‌కి వెళ్లాల్సినంత ఉంది. నీళ్లకి ముందూ వెనకా తెలియదు కదా.

ముందూ వెనకా తెలిసింది హార్మోన్‌కి. మగపిల్లల ఒంట్లో ఉండే టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఒక ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకో రూపంలోకి మారుస్తుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లు కొందరిలో పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి లొంగే రకం. వెంట్రుక రాలి మళ్లీ మొలిచే ప్రతి విడతలోనూ అది పెరిగే కాలం తగ్గుతుంది, వెంట్రుక సన్నబడుతుంది, చివరికి నూగు మిగులుతుంది. తల వెనక, చెవుల పైన ఉండే కుదుళ్లకి ఈ బాధ లేదు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో వెనక నుంచి తీసి ముందు నాటడం అందుకే. మగ హార్మోన్‌కీ బట్టతలకీ ఉన్న ఈ సంబంధాన్ని జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1942లోనే చూపించాడు. నుదురు ఎంత వెనక్కి పోయిందో కొలిచే మెట్లు కూడా ఆయన 1951లో తయారుచేసినవే, 1975లో నార్వుడ్ అనే డాక్టర్ సవరించాడు. నేను ఆ మెట్లలో మూడో దాని మీద ఉన్నాను. ఏడో మెట్టు దాకా ఉన్నాయి, కాబట్టి ఇంకా ప్రయాణం ఉంది.

"మేనమామ పోలిక" అని మన ఆడవాళ్లు అనే మాటలో సగం నిజముంది. ఈ హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అబ్బాయికి అది అమ్మ నుంచే వస్తుంది. మిగతా సగం ఏమిటంటే, ఇందులో పాలు పంచుకునే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి నాన్న వైపు నుంచీ వస్తాయి. కాబట్టి "మీ వాళ్ల వల్లే" అని భోజనాల దగ్గర వాదించుకోవడం వల్ల ఎవరూ గెలవరు. ఆ వాదన మధ్యలో కూర్చుని అన్నం తినే పిల్లాడు మాత్రం తనకి ఏదో జబ్బు ఉందని అనుకుంటాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎనిమిది నుంచి ఇంటర్ వరకు అబ్బాయిలున్న ప్రతి ఇంటికీ చెప్పాల్సింది. చిన్నపిల్లాడి నుదుటి గీత వేరు, మగవాడి నుదుటి గీత వేరు. పదిహేడు దాటి ఇరవైల్లోకి వెళ్లేలోపు దాదాపు ప్రతి అబ్బాయికీ ఆ గీత కాస్త పైకి జరుగుతుంది, కొందరిలో ఇంకొంచెం ముందే మొదలవుతుంది. గొంతు మారినట్టే ఇదీ. అది బట్టతల కాదు. తలలో సుమారు లక్ష వెంట్రుకలుంటే రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే. దిండు మీద పది కనపడితే కంగారు పడక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లాల్సినవి వేరే ఉన్నాయి. డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి గుప్పెళ్లుగా రాలుతుంది. చాలామందిలో అది దానంతటదే తిరిగి వస్తుంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా రాలుతుంది, పరీక్షలో తెలుస్తుంది. ఇక రూపాయి బిళ్లంత గుండ్రంగా ఒకచోట ఊడిపోయేదాన్ని మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేను కొరికేదేమీ ఉండదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. రెండేళ్ల క్రితం ఆరో తరగతిలో ఒక బాబుకి ఇది వస్తే పక్కన కూర్చోవద్దని తోటి పిల్లలకి ఇళ్లలో చెప్పి పంపారు. ఆ బాబు వారం రోజులు ఒక్కడే కూర్చున్నాడు. మేము కనుక్కునేసరికి ఆలస్యమైంది.

ఇక డబ్బు సంగతి. నేను నాలుగేళ్లలో నా నెత్తికి ఖర్చుపెట్టింది డైరీలో రాసుకున్నాను: దాదాపు 46 వేల రూపాయలు. నా మొదటి ఉద్యోగంలో అది మూడు నెలల జీతం పైమాటే. ఉల్లిరసం, ఆముదం, కరివేపాకు కాచిన నూనె... ఇవి మా అమ్మ చేసినవి, వీటికి ఖర్చు లేదు, వంటింటి వాసన తప్ప నష్టమూ లేదు. 46 వేలు పోయింది ఫోన్లో కనపడే వాటికి. అడవి మూలికల నూనె అని ఒకటి, సూదుల రోలర్ అని ఒకటి, విదేశీ బిళ్లలని ఒకటి. తర్వాత తెలిసిందేమిటంటే, బట్టతలని నయం చేస్తామని, రాకుండా ఆపుతామని మందు అమ్మడానికే మన చట్టం ఒప్పుకోదు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా అది. అందులో బట్టతల ఉంది, బాలనెరుపూ ఉంది. 'గ్యారంటీ' అనే మాట కనపడగానే ఈ జాబితాని గుర్తుచేసుకోండి. నేను గుర్తుచేసుకోలేదు, కాబట్టి చెబుతున్నాను.

పనిచేసే మందులు లేకపోలేదు. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకి ఇచ్చిన బిళ్ల. వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ కూడా అంతే, 1992లో ప్రోస్టేట్ జబ్బుకి వచ్చి 1997లో జుట్టుకి అనుమతి పొందింది. రెండూ ఉన్నది నిలబెట్టడంలో ఎక్కువ, పోయింది తేవడంలో తక్కువ. ఆపితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే. జుట్టు కోసం వీటిని పద్దెనిమిది నిండనివాళ్లు సొంతంగా వాడకూడదు. ఫినాస్టెరైడ్ అయితే విరిగిన బిళ్లని గర్భంతో ఉన్న ఆడవాళ్లు ముట్టుకోను కూడా కూడదు. ఇంట్లో ఎక్కడో దాచిన బిళ్లలంటే ఎంత జాగ్రత్త కావాలో చూడండి. ట్రాన్స్‌ప్లాంట్ విషయంలో 2022లో జాతీయ వైద్య కమిషన్ గట్టిగా చెప్పింది, అది శిక్షణ పొందిన డాక్టర్లు చేయాల్సిన పని, యూట్యూబ్ చూసి నేర్చుకున్నది సరిపోదని. హైదరాబాద్ ఆఫర్ల బోర్డులు చూసి బస్సెక్కే మన ఊరి కుర్రవాళ్లకి ఈ మాట చేరాలి.

నేను? డాక్టరుకి చూపించుకుని మినాక్సిడిల్ ఇప్పటికీ రాత్రిపూట రాసుకుంటాను. ఆ అబ్బాయికీ అదే చెప్పాను. జుట్టు గురించి పట్టించుకోవద్దని ఉపదేశం చేస్తే వాడు నమ్మడు, నమ్మకూడదు కూడా.

కాకపోతే ఒక పని మానేశాను, దాని కథ చెప్పాలి. రెండేళ్ల కిందట మే నెలలో గిద్దలూరు దగ్గర ఒక ఊరికి పెళ్లిచూపులకి వెళ్లాం. వెళ్లేముందు నెత్తి మీద నల్లటి ఫైబర్ పొడి చల్లుకున్నాను. అద్దంలో చూసుకుంటే నిజంగానే బాగుంది, మా అమ్మ దిష్టి తీసింది. వాళ్లింట్లో కాఫీలు ఇచ్చే సమయానికి కరెంటు పోయింది. అయిదు నిమిషాల్లో చెమటతో పాటు నల్లటి చారలు కణతల మీదుగా తెల్ల చొక్కా కాలర్ మీదకి దిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మాయి నాయనమ్మ లేచి తువ్వాలు తెచ్చి "తుడుచుకో నాయనా" అంది. సంబంధం కుదరలేదు. మధ్యవర్తి తెచ్చిన కబురు నాకింకా గుర్తుంది: "జుట్టు లేదని కాదంట, ఉన్నట్టు చూపిచ్చారంట, అదీ వాళ్ల పట్టింపు." బస్సులో ఇంటికొచ్చేదాకా మా నాన్న కిటికీలోంచి నల్లమల కొండలు చూస్తూ కూర్చున్నాడు.

ఇలాంటి కథలు సినిమాలుగా వచ్చాయి. 2017లో కన్నడలో 'ఒందు మొట్టెయ కథె' వచ్చింది. అందులో హీరో 28 ఏళ్ల బట్టతల కన్నడ లెక్చరర్, పెళ్లి కుదరక అవస్థ పడుతుంటాడు. 2019లో మలయాళంలో 'తమాషా' పేరుతో దాన్నే మళ్లీ తీశారు, అక్కడ మలయాళం లెక్చరర్. 2021లో మన అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు'లో విగ్గు కింద తన తలని దాచుకునే కుర్రాడిగా చేశాడు. రెండు భాషల్లో హీరో పంతులే కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. రోజూ నలభై జతల కళ్లు గంటసేపు తల వైపే చూసే ఉద్యోగం ఇంకేముంది?

సరే, ఇంట్లో మాటల దగ్గరికి వస్తాను. బంధువుల పెళ్లిలో మావయ్య నెత్తి నిమిరి "ఇక్కడ హెలికాప్టర్ దిగొచ్చు" అంటాడు, అందరూ నవ్వుతారు, పక్కనే ఉన్న పిల్లాడు కూడా నవ్వుతాడు. అదే పిల్లాడు ఏడాది తర్వాత అద్దం ముందు తన నుదుటిని స్కేలుతో కొలుస్తాడు. స్కేలు మాట కల్పన కాదు, ఆ అబ్బాయి నోట్‌బుక్ చివరి పేజీలో తేదీల వారీగా సెంటీమీటర్లు రాసి ఉన్నాయి. 2022లో ఇంగ్లండ్‌లో ఒక ఉద్యోగుల ట్రిబ్యునల్ పనిచేసే చోట మగవాణ్ణి బట్టతల అని తిట్టడం వేధింపు కిందకి వస్తుందని తేల్చింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. పిల్లాడి ముందు వాడి జుట్టు గురించి మూడో మనిషితో మాట్లాడకుండా ఉంటే చాలు. టీచర్‌తో కూడా. అనుమానముంటే వాడితో ఒంటరిగా మాట్లాడండి, డాక్టరుకి చూపించండి. ఒంగోలులో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఇది చదివి మా సీనియర్ మేడమ్ ఒకరు "మాకు జడ గురించి పుట్టినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు, మీ మగవాళ్లకి ఇప్పుడు తెలిసొచ్చిందా?" అన్నారు. ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు. అమ్మాయిల విషయం ఆమెనే రాయమన్నాను, వచ్చే నెల చూస్తారు.

ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ వింతే. తిరుమల వెళ్లి గుండుతో వచ్చిన పిల్లాణ్ణి చూసి క్లాసులో ఎవరూ నవ్వరు, లడ్డూ అడుగుతారు. (గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మొక్కుకునేవాళ్లకి చిన్న మాట: కత్తి పైనే తిరుగుతుంది, కుదురు లోపల ఉంటుంది. మొక్కు మొక్కుగానే చెల్లించండి.)

ఆ అబ్బాయిని వాళ్ల అమ్మ ఒంగోలు తీసుకెళ్లింది. వాడిది పెద్దవాళ్ల నుదుటి గీతగా మారడమేనని, దానికి తోడు చుండ్రు ఉందని, మందు వెంటనే ఆపమని డాక్టరు చెప్పారు. ముందు ముందు బట్టతల వస్తుందా అని వాడు అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నారంట. ఆ తల్లి నాకు ఫోన్ చేసి ఆ రోజు అన్న మాటకి ఏమీ అనుకోవద్దన్నారు. అనుకోలేదని, నాకు కాకుండా వాడికి చెప్పమని అన్నాను. చెప్పారో లేదో తెలియదు. సోమవారం నుంచి వాడు మళ్లీ రెండో బెంచీలో, ఫ్యాన్ కిందే కూర్చుంటున్నాడు. నోట్‌బుక్ పేజీలు ఎగరకుండా జామెట్రీ బాక్స్ బరువు పెట్టుకుంటున్నాడు.